హ్యాండిల్ కింద కాలిన మచ్చ

2023 వానాకాలం. కోరుట్లలో కూరగాయల మార్కెట్‌కు పోయే దారిలో నా దుకాణం. బోర్డు మీద బ్యాగుల రిపేరు అని ఉంటుంది గానీ, సగం రోజు గల్ఫ్ నుంచి వచ్చిన సూట్‌కేసుల చక్రాలు మార్చడంతోనే సరిపోతుంది. మా నాన్న చెప్పులు కుట్టేవాడు. తోలును చూడాల్సింది కళ్లతో కాదు, ముక్కుతో, బొటనవేలితో అని నాకు చిన్నప్పుడే నేర్పాడు. పెళ్లయ్యాక మా ఆయన బ్యాగుల పని నేర్పాడు. ఆయన పోయాక దుకాణం నేనే నడుపుతున్నాను. నా నోరు దురుసని బజారంతా అంటారు. అననీ. తిట్టుకుంటూనే మళ్లీ నా దగ్గరికే వస్తారు.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. ఒక ముప్పై ఏళ్ల అమ్మాయి చంటిపిల్లను చుట్టినట్టు తువ్వాలలో ఏదో చుట్టుకుని వచ్చింది. తాను తడిసింది గానీ దాన్ని తడవనివ్వలేదు. విప్పితే నల్లటి లేడీస్ బ్యాగు. ముందువైపు బంగారు రంగులో ఒక పెద్ద విదేశీ కంపెనీ పేరు. బల్ల మీద పెట్టీ పెట్టగానే నల్లటి పొలుసులు రాలాయి.

"ఇది బాగుచేసేది కాదు చెల్లె," అన్నాను. ఎప్పుడూ అనే మాటే.

"బాగు చెయ్యమని రాలేదక్కా. గిది నేను ఖరాబు చేసిన్నా, అదే ఖరాబైందా? గదొక్కటి చెప్పు."

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి మరొకరు లేరు. కూర్చోమని స్టూలు జరిపాను.

పేరు రజిత. పుట్టిల్లు సిరిసిల్ల, తండ్రి మరమగ్గాల మీద పనిచేస్తాడు. అత్తగారిల్లు రాయికల్. భర్త శ్రీను మస్కట్‌లో భవనాలకు రంగులు వేస్తాడు. రెండేళ్ల కింద సెలవు మీద వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ సెంట్లు, దుప్పట్లు, చాక్లెట్లు తెచ్చి, భార్యకు మాత్రం ఈ తోలు బ్యాగు తెచ్చాడు. అత్తగారికి అప్పుడే ముఖం మాడింది. రజిత ఆ బ్యాగును వాడితేగా! ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పురుగు పట్టకుండా డాంబర్ గోలీలు వేసి, బీరువాలో అన్నిటికన్నా పైన పెట్టింది. మంచి రోజు కోసం దాచింది. ఆ మంచి రోజు ఆడబిడ్డ గృహప్రవేశమైంది. మీగడ రంగు పట్టుచీర కట్టి బ్యాగు భుజానికి తగిలించుకుని పోతే, భోజనాల వేళకు చీర నిండా నల్లటి పొలుసులు. కొడుకు చెమటోడ్చి తెచ్చిన సొమ్ము దీని చేతిలో బూడిదైందని అత్తగారు పది మందిలో అనేసింది. సాయంత్రానికల్లా ఆ మాట మస్కట్ చేరింది. అప్పటి నుంచి శ్రీను భార్య ఫోను ఎత్తడం లేదు.

"అంత పైలంగ దాసిన. ఎట్లైందో నాకే తెల్వదు," అంది. ఏడవలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

బ్యాగు చేతిలోకి తీసుకున్నాను. ఈ పని తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. తోలులో పైపొరను గ్రెయిన్ అంటాం. అందులో చెమట రంధ్రాలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటాయి. పశువు ఒళ్లు కదా, అచ్చు గుద్దినట్టు ఎందుకుంటుంది? బొటనవేలితో నొక్కితే చుట్టూ సన్నటి ముడతలు పడతాయి. కోసిన అంచు చూస్తే పీచు కనబడుతుంది. పైపొర తీసేశాక మిగిలేది స్ప్లిట్. దాని మీద రంగు పూసి అమ్ముతారు. అదీ తోలే, తక్కువ రకం. ఇక పీయూ కోటింగ్ అంటే గుడ్డ మీద పోసిన పల్చటి ప్లాస్టిక్ పొర. తోలు గీతలు అందులో అచ్చు వేస్తారు. కొత్తలో ఎంతటివాళ్లయినా మోసపోతారు. తేమ తగిలీ తగిలీ రెండు మూడేళ్లకు ఆ పొర పొలుసులుగా లేస్తుంది. దాన్ని అతికించే మందు ఎక్కడా లేదు. గుడ్డ మీద కోటింగ్ వేయడమే మోసమని కాదు, పేరున్న కంపెనీలు కూడా చెప్పే చేస్తాయి. తోలని చెప్పి అంటగట్టడమే దొంగతనం.

ఈ బ్యాగు ఒళ్లంతా పీయూయే. పైన పటారం, లోన లొటారం. పొలుసు లేచిన చోట రజిత వేలు పెట్టి కింది గుడ్డను రాసి చూసింది. "గీసొంటి బట్ట మా నాయన సాంచె మీద లంగాలకు నేస్తడు," అని మొదటిసారి చిన్నగా నవ్వింది. ఆ సాంచె అన్నది వాళ్ల మరమగ్గమే. నిజమే, గుడ్డ మాత్రం గట్టిదే.

హ్యాండిల్స్ దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగింది. ముడతలు పడుతున్నాయి. అంచున పీచుంది. వాసన చూశాను, తోలే. ఫుల్ గ్రెయిన్, అంటే పైపొర చెక్కని మంచి తోలు. ఒక హ్యాండిల్‌ను తిరగేస్తే, కింద కుట్టు పక్కన, కందిగింజంత కాలిన మచ్చ కనబడింది.

"ఇదెట్ల కాలింది?" అని అడిగాను.

రజిత ముఖం తెల్లబోయింది. "నేను కాదక్కా. నేనసలు చూడనే లేదు." ఇంకో నేరం మీద పడిందనుకుంది పాపం.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను, అందరి మీదా. శ్రీను నంబరు ఇమ్మని నా ఫోను నుంచి చేశాను. కొత్త నంబరు కదా, వెంటనే ఎత్తాడు. నేనెవరో చెప్పి, నీ భార్య బ్యాగు నా ముందుంది, ఇది తోలు కాదు అన్నాను. అతను గుర్రుమన్నాడు. రిపేరు దుకాణాల వాళ్లకు ఒరిజినల్ గురించి ఏం తెలుస్తుందన్నాడు. ఆ మాటకు నేను అన్నది ఇక్కడ రాయను. తర్వాత కాస్త తగ్గాడు.

"నా కండ్ల ముంగట లైటర్ ముట్టిచ్చి చూపిండక్కా దుకాణపోడు. కరగలే. వెంట్రుకలు కాలిన వాసనచ్చింది. చూసే కొన్న."

"యాడ ముట్టిచ్చిండు తమ్మీ?"

"హ్యాండిల్‌కు."

నా కోపం అక్కడే చప్పబడింది. వీడియో పెట్టి ఆ మచ్చ చూపించాను. నువ్వు చూసింది అబద్ధం కాదు, హ్యాండిల్ తోలే, వాడు నీకు అందించిన ముక్కనే నువ్వు పరీక్ష చేశావు అని చెప్పాను. కింద పొలుసులూ గుడ్డా చూపించాను. అతని వెనక ఎవరో నిచ్చెన లాగుతున్న చప్పుడు. చివరికి, మరి జాగ్రత్తగా పెట్టి ఉంటే నిలిచేది కాదా అని నీళ్లు నమిలాడు. మగవాడి పట్టు అంత తొందరగా వదులుతుందా?

"కవర్ల చుడితే లోన తడి నిలుస్తది, చుట్టకపోతే ఇంకో ఏడాది ఆగేదేమో. గంతే. నువ్వు రంగులేసేటోనివే గద. తడి గోడ మీద రంగు ఆగుతదా?"

"ఆగది," అన్నాడు, గొంతు తగ్గించి. "దానికియ్యవా అక్కా ఫోను."

ఇచ్చాను. స్పీకర్ ఇంకా ఆన్‌లోనే ఉంది, అందుకే మొదటి మాట నా చెవిన కూడా పడింది. "రజితా, అమ్మకు నేనే చెప్త. మోసపోయింది నేను, నువ్వు కాదు."

ఆమె ఫోను చెవికి ఆనించుకుని దుకాణం మెట్ల మీదికి పోయింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా అక్కడ ఏడ్చింది. నాకూ కళ్లు నిండాయి. దారపు రీలు వెతుకుతున్నట్టు సొరుగులో తలపెట్టాను.

అన్నమాట ప్రకారం అతను తల్లికి చెప్పాడట. పరాయి దేశంలో గడుసుగా బతుకుతున్నాడని పేరున్న కొడుకు, నేనే మోసపోయాను అని ఇంట్లో ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. అత్తగారి నోట తప్పయిందన్న మాట రాలేదట గానీ, మర్నాడు కోడలికి తానే చాయ్ పోసి ఇచ్చిందట. మా వైపు అత్తల క్షమాపణ అంతకు మించి ఉండదు.

దసరా దాటాక రజిత సిరిసిల్ల నుంచి దళసరి నూలు గుడ్డ పట్టుకుని వచ్చింది. పాత బ్యాగు కొలతలతో కొత్తది కుట్టి, ఆ హ్యాండిల్సే వేయమంది. అడుగున పట్టీలు వేసి, లోపల లైనింగ్ పెట్టి, మనసుపెట్టి కుట్టాను. తీసుకోవడానికి ఆమె వెంట శ్రీను కూడా వచ్చాడు. సెలవు దొరికిందట. ఫోన్లో అంత గట్టిగా మాట్లాడిన మనిషి నా ముందు తల వంచుకుని నిలబడ్డాడు. బ్యాగు అందుకుని ముందు హ్యాండిల్ తిరగేసి చూశాడు. ఆ మచ్చను కొంచెం గీకి నల్లరంగు వెయ్యవా అక్కా, కనబడకుండా పోతుంది అని మెల్లగా అడిగాడు.

నేను కత్తి అందుకునేలోపే రజిత బ్యాగు లాక్కుంది. "వద్దు. నా కోసమని కాల్చి చూసి మరీ తెచ్చినవు. గది ఉండనీ."

అతను బ్యాగు మళ్లీ తన చేతిలోకి తీసుకుని బస్సు దాకా తానే మోశాడు, లేడీస్ బ్యాగని సిగ్గుపడకుండా.

ఇప్పుడూ నా దుకాణానికి అలాంటి బ్యాగులు వస్తూనే ఉన్నాయి. ప్లాస్టిక్‌ను ప్లాస్టిక్ అనే చెబుతాను, అందులో మార్పు లేదు. కాకపోతే ఆ మాట అనే ముందు ఇది ఎవరు తెచ్చారని అడుగుతాను. తర్వాత బ్యాగును నాలుగు వైపులా తిప్పి, హ్యాండిల్స్ కింద కూడా ఒకసారి చూస్తాను.