నా లైసెన్సులో రెండు ఖాళీలు

నేను నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిది పోస్టుకార్డు, రెండోది ఇన్‌లాండు, మూడోది కవరు. నాలుగోది రిజిస్టరు చేసి రసీదు దాచుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఎవరికి రాశానో వారి పేరూ ఊరూ ఇక్కడ చెప్పను, వారికి తెలుసు. వారు ఢిల్లీ సభలో మెంబరు. నేను అడిగిన ప్రశ్న ఒకటే. తుపాకుల చట్టానికి సవరణ ఓటుకు వచ్చిన రోజున మీరు ఔనన్నారా, కాదన్నారా?

జవాబు రాలేదు కనక ఈ పత్రికలో జిల్లా కచేరీ ఉన్న చైబాసాకు నా ప్రయాణం రాస్తున్నాను. జంషెడ్‌పూర్‌లో తుపాకి లైసెన్సు ఉన్న తెలుగువాళ్లు కాగితాల పని మీద వెళ్లవలసి వస్తే కొంత పనికొస్తుంది.

మాది సోంపేట పక్క పల్లె. పన్నెండేళ్లు మిలటరీలో చేసి, వచ్చాక లైసెన్సు తీసుకుని ఒంటి గొట్టం తుపాకి కొనుక్కున్నాను. ఇక్కడ జంషెడ్‌పూర్‌లో గోడౌన్ల వాళ్లు సొంత తుపాకి ఉన్నవాణ్ణే గన్‌మేనుగా పెట్టుకుంటారు. తుపాకి ఉంటేనే గేటు కాపలా, గేటు ఉంటేనే మా ఇంట్లో పొయ్యి. సాక్చిలో కాంట్రాక్టరు బెహరా గారి గోడౌను గేటు దగ్గర తొమ్మిదేళ్లు నిలబడ్డాను. ఆయనది ఇచ్ఛాపురం. తెలుగువారే, కోపం వస్తే ఒరియాలో తిడతారు. ఏడేళ్ల కిందట వారి అమ్మాయి పెళ్లికి పొద్దున్న ఎనిమిది నుంచి మూడు దాకా షామియానా ముందు తుపాకి పట్టుకుని నిలబడ్డాను. కారు డ్రైవర్లకు కూడా విస్తళ్లు వేశారు. నా సంగతి ఎవరో గుర్తుచేస్తే "ఆ గన్‌మేనుకి తర్వాత చూద్దాం" అన్నారు బెహరా గారు. నేను విన్నాను. ఆ "తర్వాత" ఇంతవరకూ రాలేదు.

కొత్త సవరణ ప్రకారం ఒక మనిషి పేరున మూడు తుపాకులకు మించి ఉండకూడదు. ఎక్కువున్నవాళ్లు గడువులోపల ఠాణాలో గానీ లైసెన్సున్న దుకాణంలో గానీ అప్పగించాలి. పేపర్లో చదివి నాకేమిటి అనుకున్నాను. ఉన్నది ఒక్కటే కదా.

పది రోజులు కాకుండానే మేముండే భాలుబాసాలో మా సందు మొగలో బెహరా గారి జీపు ఆగింది. తొమ్మిదేళ్లలో ఆయన మా గుమ్మం చూడటం అదే మొదలు.

"సింహాచలం గారూ, ఉన్నారా?" అన్నారు.

అంతవరకు నేను "ఏటోయ్"ని. ఆ గారూ వినగానే నాకు అనుమానం పట్టుకుంది.

ఆయన మంచం మీద కూర్చుని మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, మా అమ్మాయి చదువు గురించి కూడా అడిగారు. ఆఖరికి విషయానికి వచ్చారు. "నాకు అయిదున్నాయి. గవర్నమెంటు మూడే అంటన్నాది. నీకు ఒకటే కదా, నీ లైసెన్సులో రెండు ఖాళీలున్నాయి. ఆ రెండూ నీ పేర ఎక్కించీసుకో. బుధవారం చైబాసా వచ్చి ఓ సంతకం పెట్టీ, అంతే."

"ఆలోచిస్తాను బాబూ" అన్నాను.

"ఇందులో ఆలోచనేటి? ఓటేసిన పెద్దమనుషులే ఇలాగ చేసుకుంటన్నారు."

జీపు వెళ్లాక మా ఆవిడ గ్లాసు కడుగుతూ అంది. "ఏడేళ్లు నీకు వెయ్యడానికి విస్తరి కనబడనేదు, ఇప్పుడు నీ ఇల్లు కనబడిందేటి ఆ బాబుకి? జాగర్త." మా అమ్మాయి పుస్తకం లోంచి తల ఎత్తకుండా "పాపా, సైన్ మత్ కర్నా" అంది. ఆ పిల్లకు తెలుగులో చెబితే హిందీలో జవాబు. సంతకం చెయ్యొద్దంటోంది. చెయ్యకపోతే గేటు పోతుందని దానికి తెలియదు.

బుధవారం జీపులో రమ్మని కబురు పెట్టారు. ఎక్కలేదు. ఎక్కితే సగం సంతకం చేసినట్టే. అసలు వెళ్లకపోతే ఆ రోజే గేటు పోతుంది. కచేరీలో చూపించమంటారని తుపాకికి గుడ్డ సంచి తొడిగి, లైసెన్సు పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని అయిదున్నరకు రిక్షాలో టాటానగర్ స్టేషనుకు వెళ్లాను. గువా పాసింజరు ఆరూ నలభైకి. వెళ్లేవాళ్లు ఆరింటికల్లా టిక్కెట్టు కిటికీ దగ్గర ఉండండి, తర్వాత నిలబడే చోటు కూడా దొరకదు.

పెట్టెలో నాలాగే గుడ్డ సంచులు మోస్తున్నవాళ్లు నలుగురైదుగురు కనిపించారు. ఒకరి సంచి వైపు ఒకరు చూసుకుంటున్నారు, ఎవరిది ఎవరు మోస్తున్నారో అన్నట్టు. పర్సుడీహ్‌లో ఉండే రైల్వే ఫిట్టరు ఒకాయన, మన టెక్కలి వైపు మనిషి, నా పక్కన చోటు చేసుకున్నాడు. ఆదివారాలు పిట్టల వేటకు వెళ్తాడట.

"మీది మీదేనా, లేకపోతే అద్దె మోతా?" అన్నాడు నవ్వుతూ.

"నాదే. మీది?"

"నాదీ నాదే. కానీ మా ఫోర్‌మేన్‌ది ఒకటి నా పేర పెట్టుకోమంటన్నాడు. ఢిల్లీలో ఆళ్లేటి ఓటేసినార్రా బాబూ, మూడుకి మించినవి దాచుకోడానికి మనల్ని బీరువాలు చేసినారు!"

పెట్టెలో నవ్వని వాడు ఒక్కడే, సీనీ స్టేషనుకు ముందు ఎక్కిన ముసలి రైతు మహతో. ఆయన దగ్గర మందు దట్టించి కాల్చే పాత తుపాకి ఉంది. ధాన్యం కంకి పట్టేవేళకు ఏనుగులు దిగితే ఆకాశంలోకి పేల్చడానికి. ఆయన హిందీలో చెప్పింది నాకు ఇంకా చెవిలో ఉంది. "ఢిల్లీలో చెయ్యెత్తిన బాబుల పొలంలోకి ఏనుగు ఎప్పుడైనా వచ్చిందా, అడిగావా భాయీ?"

రాజ్‌ఖర్సావాఁ దగ్గర బండి ఇరవై నిమిషాలు ఆగింది. అక్కడ మట్టి ముంతల్లో టీ తాగుతుంటే మహతో అసలు సంగతి చెప్పాడు. వాళ్ల ఊరి కర్ర డిపో యజమాని ఒకడు పోయిన వారం ఆయన చేత వేలిముద్ర వేయించి ఒక తుపాకి ఆయన లైసెన్సులో ఎక్కించాడు. ఆ తుపాకి మాత్రం ఇంతవరకు మహతో ఇంటికి రాలేదు.

"కాగితంలో నా ఇంట్లో ఉంది, నిజంగా వాడి ఇంట్లో ఉంది. దాంతో రేపు ఎవడైనా ఎవణ్ణయినా కాలిస్తే ఠాణా దారోగా ఎవడి తలుపు కొడతాడు?" అన్నాడు. తన లైసెన్సులోంచి అది కొట్టేయించుకోవడానికే చైబాసా వస్తున్నాడు.

నేను చొక్కా లోపల లైసెన్సు పుస్తకం తడిమి చూసుకున్నాను.

తొమ్మిదీ నలభైకి చైబాసా. స్టేషను నుంచి కచేరీకి నడిచాం. ఆయుధాల సెక్షను వెనక వరండాలో ఉంది. పదిన్నరకు గాని కిటికీ తెరవరు. అప్పటికే అక్కడ జీపు నీడలో బల్ల వేయించుకుని బెహరా గారు కూర్చున్నారు. పూరీలు, జిలేబీలు తెప్పించారు.

"రండి సింహాచలం గారూ, ముందు టిఫిను. ఏయ్, అయ్యగారికి ఆకు వెయ్."

పొద్దున్న అయిదింటికి తిన్న రెండు రొట్టెలు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా "ఆకలి లేదు" అన్నాను. ఏడేళ్ల కిందటి విస్తరిని జిలేబీతో చెల్లించుకోనివ్వడం నాకు ఇష్టం లేదు.

దరఖాస్తు అంతా నింపి ఉంది. నా పేరు, నాన్న పేరు, భాలుబాసా చిరునామా. సంతకం చోటు ఒక్కటే తెలుపు. బల్ల మీద రెండు తుపాకులు. ఒకటి మామూలుది. రెండోదాని మడమ మీద ఇత్తడి నక్షత్రం తాపడం చేసి ఉంది.

ఆ నక్షత్రాన్ని నేను తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. బెహరా గారి ఆఫీసు గోడ మీద ఒక ఫోటో ఉంది. వేట నుంచి వచ్చి తీయించుకున్నది. బెహరా గారు చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఉంటారు. మధ్యలో నేను ఉత్తరాలు రాసిన మెంబరు గారు, భుజం మీద తుపాకి, ఆ తుపాకి మడమ మీద ఈ నక్షత్రమే. జీతం కోసం నిలబడ్డ ప్రతి మొదటి తారీకునా ఆ గోడే చూశాను. పొరబడే అవకాశం లేదు.

"బాబూ, సంతకం పెట్టాక ఇవి ఎక్కడుంటాయి?" అని అడిగాను.

"మా ఇంట్లోనే. నీకెందుకు ఆ బరువు?"

"అలాగైతే కుదరదు. నా పేరున ఉంటే నా ఇంట్లోనే ఉండాలి. దసరాకి మా తుపాకితో పాటు వాటికీ నూనె రాసి, బొట్టు పెట్టి, వీధిలో అందరూ చూసేలా పీట మీద పెడతాను. ఈ నక్షత్రం ఉన్నది ముందు పెడతాను."

బెహరా గారి చేతిలో జిలేబీ ఆగిపోయింది.

"ఏటి కూత్తన్నావు? అది ఎవరిదో తెలుసా?"

"తెలీదు. అందుకే అడుగుతున్నాను. ఎవరిది బాబూ?"

ఆయన జిలేబీ ఆకులో పడేశారు. నిండిన దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఒరియాలో ఒక మాట అని, తెలుగులో "రేపటి నుంచి గేటు కాడికి రానక్కర్నేదు" అన్నారు. గారూ పోయింది. నాకు అదే నయమనిపించింది.

కిటికీ దగ్గర మహతో గుమస్తా ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. దరఖాస్తు లేనిదే పని కాదంటున్నాడు గుమస్తా. మిలటరీలో నేర్చిన హిందీతో ఆయన దరఖాస్తు నేనే రాశాను. తుపాకి తన ఇంటికి ఎన్నడూ రాలేదన్న వాక్యం కింద గీత గీశాను. దరఖాస్తులు రెండు ప్రతులు తీసుకెళ్లండి. రెండోదాని మీద ముద్ర వేయించుకోకుండా కిటికీ వదలకండి. మాకు ముద్ర పడేసరికి పన్నెండున్నర అయింది.

ఆ గుమస్తా మర్యాదస్తుడే. ఈ చట్టానికి ఎవరెవరు ఔనన్నారో కాగితం ఎక్కడైనా ఉంటుందా అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పేర్లు రాసుకునే ఓటైతే ఉంటుంది. మూజువాణి ఓటైతే ఏ పేరూ ఉండదు. ఇది మూజువాణి అనే విన్నాను. నోటితో అన్నారు, అయిపోయింది."

చెట్టు కింద మహతో మూట విప్పి, సాల ఆకు ఒకటి నా ముందు పరిచి అటుకులు, బెల్లం పెట్టాడు. రెండోసారి అడిగించుకోకుండా తిన్నాను.

మూడు గంటల బస్సు పట్టుకున్నాను. హాటా ఊరి దాకా దుమ్ములో నిలబడి, అక్కణ్ణుంచి కిటికీ దగ్గర సీటు. పర్సుడీహ్ బజారు దగ్గర ట్రాఫిక్కులో ఆగేసరికి అయిదుంబావు. ఒళ్లో నా తుపాకి, చొక్కా లోపల లైసెన్సు. అందులో ఇప్పటికీ ఆ రెండు ఖాళీలు ఖాళీగానే ఉన్నాయి. గేటు మాత్రం లేదు. ఇంట్లో ఎలా చెప్పాలా అనుకుంటూ వెళ్తే మా ఆవిడ నా మొహం చూసి "సంతకం పెట్టనేదు కదా? కాళ్లు కడుక్కో" అని మాత్రం అంది. ఆ నాలుగు ఉత్తరాలూ ఆ తర్వాత రాసినవే. రెండు నెలలుగా ఊరంతా తిరుగుతున్నాను. గన్‌మేను కావాలన్న గోడౌను ఇంకా దొరకలేదు.

ఈ ప్రయాణంలో నాకు తెలిసింది ఒకటే. నా తుపాకి నంబరు ఠాణాలో ఉంది, చైబాసాలో ఉంది, నా పుస్తకంలో ఉంది. నేను ఎన్ని తూటాలు కొన్నానో దుకాణంలో రాసి ఉంది. దాని మీద చట్టం చేసినవాళ్లు ఏమన్నారో మాత్రం ఎక్కడా రాసి లేదు.

కనక మెంబరు గారూ, ఇది నా అయిదో ఉత్తరం అనుకోండి. మీరు ఔనన్నారో కాదన్నారో చెప్పకపోయినా సరే, ఆ ప్రశ్న వదిలేస్తున్నాను. దాని బదులు దీనికి జవాబు ఇవ్వండి, పోస్టుకార్డు చాలు, భాలుబాసా చిరునామా మీ దగ్గర నాలుగు ఉత్తరాల మీద ఉంది. ఆ ఫోటోలో మీ భుజం మీదున్న నక్షత్రం తుపాకి నా పేరున పడలేదు. మరి ఇప్పుడు ఎవరి పేరున ఉంది?