మల్సూన్ మామ్మ ముల్లంగాకు

గోజే రేవులో ఎవరైనా ముల్లంగి కొని ఆకు తుంచి పారేస్తే, ఆ చప్పుడు మల్సూన్ మామ్మకి నాలుగు వీధుల అవతలికి వినబడేది. పక్కన నిలబడి పిలిస్తే పలకని చెవులే అవి. ఆకు తెగితే మాత్రం లేచి కూచునేవి.

చలి ముదరకముందు ఊరంతా ఏడాదికి సరిపడా కిమ్చీ పచ్చడి పెట్టుకునే రోజుల్లో ఆవిణ్ణి పట్టేవాళ్ళు లేరు. బజార్లో కూరగాయల బల్లల కింద దూరి, చెత్తలోకి పోయే ఆకంతా తోపుడుబండికెత్తుకొచ్చేది. తెచ్చి, తాళ్ళతో జడలల్లి ఎండేసేది. మేడమెట్లకి, సైకిళ్ళకి, ఆఖరికి అద్దెకున్నవాళ్ళ తలుపులకి కూడా. పోస్టుమాన్ జుట్టు దులుపుకోకుండా ఆ ఇంటి గడప దిగిన రోజు లేదు.

కింద వాటాలో ఉండే హేజంగ్ ఆ ఏడు నవ్వే స్థితిలో లేదు. ఓడల కార్ఖానాలో వెల్డింగ్ చేసే ఆమె భర్త తేసొక్‌ని పనిలోంచి తీసేశారు. కొన్నాళ్ళు ఇంకో పని కోసం తిరిగాడు. తర్వాత తిరగడం మానేశాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. హేజంగ్ వండటం మానేసింది. ఎవరి కోసం వండాలి? ప్యాకెట్ నూడుల్స్‌లో వేడినీళ్ళు పోసి అతని తల దగ్గర పెట్టేది. అవి ఉబ్బి, చల్లారి, ముద్దయి అక్కడే ఉండేవి.

ఒక మధ్యాహ్నం తలుపు దబదబా మోగింది.

"అమ్మాయ్! నాలిక ఉందా నీకు?"

"ఉంది మామ్మా."

"అయితే పైకి రా. నాది చచ్చింది. చారులో ఉప్పు తెలిసి చావట్లేదు."

"నాకు ఆకలిగా లేదు..."

"ఆకలెవడడిగాడు? ఉప్పు అడిగాను."

ఎండాకు నానేసి, ఉడికించి, కాడల పీచు ఒలిచి, సోయా ముద్దతో పిసికి, బియ్యం కడుగులో నాలుగు ఎండు నెత్తళ్ళేసి మరిగించిన చారు. హేజంగ్ చెంచాడు తాగి "సరిపోయింది" అంది.

"చెంచాడుకేం తెలుస్తుంది? గిన్నెడు కానీ."

గిన్నె అయింది. "అన్నంలో చప్పబడుతుందేమో, కలిపి చూడు." అదీ అయింది. "ఇంకొక నాలిక కూడా చెబితే నాకు నమ్మకం" అంటూ తేసొక్ కోసం ఒక గిన్నె చేతిలో పెట్టింది.

మర్నాడు ఉప్పెక్కువైందని అనుమానం. ఆ తర్వాత సోయా ముద్ద పులిసిందని. ఆ తర్వాత పీచు తియ్యడానికి గోళ్ళు లేవని. హేజంగ్ కూచుని ఒలిచింది. ఒలుస్తూ ఒలుస్తూ ఒకరోజు ఉన్నట్టుండి ఏడ్చేసింది.

"గిన్నెలో పడితే నా ఉప్పు లెక్క తప్పుతుంది. అటు తిరిగి ఏడువు," అంది మామ్మ, ఆకులమీంచి తలెత్తకుండా.

"పనిలేనివాడికి పశువుల మేతా?" అని తేసొక్ గోడతో అనేవాడు. గిన్నె మాత్రం ఖాళీ అయ్యేది.

ఒకరోజు ఆ గిన్నె తిరిగివ్వడానికి హేజంగ్ పొద్దున్నే మేడెక్కింది. తలుపు ఓరగా ఉంది. పొయ్యిమీద చారు కుతకుతలాడుతోంది. మామ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, గుడ్డు వేపుడన్నం తింటోంది.

"చారు తాగరా మామ్మా?"

"ఛీ! ఆ కంపు నాకు పడదు. యుద్ధం రోజుల్లో మా అమ్మ పూటపూటా అదే మింగించింది. మళ్ళీ నోట పెడితే ఒట్టు."

"మరి ఎందుకీ అవస్థంతా?"

మామ్మ తువ్వాలు సర్దుకుంది. "ఆ ఆకే లేకపోతే నేనీపాటికి ఉండేదాన్ని కాదు. అయినా, వండిన కూడు తెచ్చిస్తే మీ ఆయన ముట్టేవాడా? రుచి చూడమంటే ఎవడికీ పౌరుషం పొడుచుకురాదు."

హేజంగ్ కిందికొచ్చి చెప్పింది. తేసొక్ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత లేచాడు. మొహం కడుక్కుని, చొక్కా తొడుక్కుని, తనే మేడెక్కాడు.

"మామ్మా, మీకసలు ఏమిష్టం?"

"పంది మాంసం," ఠక్కున అంది మామ్మ. "నిప్పులమీద కాల్చింది."

"పని దొరకగానే తెస్తాను."

"అయితే కాస్త త్వరగా వెతుక్కో నాయనా. నాకు ఎనభై దాటాయి."