కుర్చీ దగ్గరికి లాక్కునే వార్డెనమ్మ

తొంభైల చివర్లో విశాఖపట్నం సీతమ్మధారలోని ఒక పిల్లల హోంలో నేను పాఠాలు చెప్పేదాన్ని. అక్కడి వార్డెనమ్మకి ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు. ఎవరికైనా కష్టమైన మాట చెప్పాల్సివస్తే, ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, "కోపం తెచ్చుకోకండి, మాటాడుకుందాం" అనేవారు.

ఒకసారి, పిల్లల్ని ఇంటికి పంపాలా వద్దా అని తేల్చే కమిటీ మీటింగులోనూ అలాగే కుర్చీ లాక్కున్నారు.

"ఆ ఆఫీసర్ల క్వార్టర్స్ పిల్లాడి నాన్నా తాగుతాడు, ఈ జాలరి పిల్ల నాన్నా తాగుతాడు. పిల్లాణ్ణి వారంలో ఇంటికి పంపీసేం. పిల్లని ఏడాదిగా ఇక్కడే ఉంచీసేం. ఎందుకండీ? కులం చూసేనా?"

ఒకాయన టీ తెమ్మని కేకేశాడు. ఆ రోజు నుంచి భోజనాల దగ్గర పాత స్టాఫ్ ఆవిడ పక్కన కూర్చోవడం మానేశారు.

తర్వాతి మీటింగులో ఆవిడ మళ్ళీ అదే అడిగారు. ఈసారి కమిటీలో ఉన్న లేడీ డాక్టరు తల దించుకుని, "నిజమేనండి. నేను ఆ పిల్ల వాళ్ళింటికి వెళ్ళనే లేదు. పేట పేరు చూసి, పంపొద్దని చెప్పేశాను" అంది. మర్నాడే వెళ్ళి ఇల్లు చూసి, పంపమంది.

పిల్ల తల్లి చేపల గంప గేటు బయట దించి వచ్చింది.

"నా పిల్లని నాకిచ్చేత్తన్నారా అమ్మా? నిజిమేనా?"

"నిజిమేనే. ఆడు తాగొచ్చి గొడవ సేత్తే నాకు కబురెట్టు" అన్నారు వార్డెనమ్మ.

పిల్ల పరుగున వెళ్ళి తల్లిని కరుచుకుంది. ఏడాదిగా ఆ పిల్లకి జడలు వేసింది వార్డెనమ్మే. తల్లీ పిల్లా మలుపు తిరిగేదాకా ఆవిడ గేటు దగ్గరే నిలబడ్డారు.

"ఒక్కసారైనా వెనక్కి చూళ్ళేదు, చూశావా? మంచిదే" అన్నారు నాతో.

గేటు మాత్రం చాలాసేపటిదాకా వెయ్యలేదు.