తలాడించి అమ్మోరినయ్యాను

ఆ వయసులో నాకు రెండే నమ్మకాలు: దేవుడు లేడు, జర్మన్ మెటల్ సంగీతం ఉంది. ఇంగ్లీషులో పాడకపోతే ప్రపంచం వినదన్న మాటను ఆ పాటలు తుక్కు చేసేశాయి. కార్ఖానాలో ఇనుము మీద ఇనుము పడ్డట్టు దరువు, బావిలోంచి వచ్చినట్టు గొంతు. దేశదేశాల స్టేడియాలు నింపి, చివరికి యాంగోన్‌లో, సేక్కాన్ రేవు గుమాస్తానైన నా చెవుల్లోకీ దిగాయి. (ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థంకాని మంత్రాలకు తలూపేవాళ్ళను మాత్రం ఏకిపారేసేవాణ్ణి.) భుజాలదాకా జుట్టు పెంచాను. రేవులో అందరూ నన్ను ‘కో జర్మన్’, అంటే జర్మన్ అన్న, అనేవారు.

ఆ ఏడు తాకేటా పేటలో మా తెలుగువాళ్ళ అమ్మవారి పండగ నాటికి ఇంట్లో ఒకటే రగడ. చెల్లికి నర్సు కోర్సులో సీటొచ్చింది, మర్నాడే చేరాలి. ఇంటి పెద్ద పెదనాన్న. వారంపాటు నేను హేతువులన్నీ కుమ్మరించినా కదల్లేదు. "అమ్మోరు ఎల్లమంటే ఎల్తాది, నేకపోతే నేదు" అని తేల్చేశాడు. పూనకం వచ్చినవాళ్ళ ముందు ఇంటి తగువులు పెట్టడం మా ఆనవాయితీ. ఏటా పూనేది మేనత్తకే. ఆడపిల్లల చదువుకు ఆవిడ నోట ‘ఊఁ’ అన్న మాట ఎన్నడూ రాలేదు.

డప్పులు మొదలవగానే నిరసనగా వైరు లేని ఇయర్‌ఫోన్లు చెవుల్లో దోపుకుని, కళ్ళు మూసుకుని, జుట్టు ఎగిరేలా తలాడించాను. పాటయ్యాక కళ్ళు తెరిస్తే ఎదురుగా కర్పూరం, నా మెడలో వేపమండలు, చేతులు జోడించి పెదనాన్న! (మేనత్త అప్పటికింకా జడ విప్పుకుంటోంది.)

"ఏటి కోరి వచ్చేవు తల్లీ? మా పిల్లని నర్సు సదువుకి పంపమంటావా, మానమంటావా?"

నిజం చెబితే సిద్ధాంతం నిలుస్తుంది, చెల్లి ఆగిపోతుంది. గుడ్లురిమి, ఆ జర్మన్ గాయకుడి గొంతు తెచ్చుకున్నాను.

"పంపరా!"

"మగోళ్ళకి కూడా కట్లు కట్టాలట తల్లీ..."

"రోగికి ఆడా మగా ఏటిరా!"

పెదనాన్న లెంపలేసుకున్నాడు. అంతలో చెమటకు జారి ఒక ఇయర్‌ఫోన్ పసుపునీళ్ళ పళ్ళెం పక్కన పడింది, నీలం దీపం మిణుకుమంటూ. మేనత్త చూపు అటే తిరిగింది. చెల్లి ఒక్క ఉదుటున నా కాళ్ళమీద పడి, దాన్ని గుప్పిట్లో దాచి, "చాల్లే అన్నయ్యా, ఇంక పడిపో" అని గొణిగింది.

పడిపోయాను.

మర్నాడు పెదనాన్నే చెల్లిని బస్సెక్కించాడు. ఇప్పుడది మింగళాడోన్ వైపు ఆస్పత్రిలో ఒక వార్డంతా చూసుకుంటోంది. నేను పూనకాల బూటకం మీద వ్యాసాలు రాస్తున్నాను; ఆ ఒక్క పూనకం ఏ వ్యాసంలోనూ ఇమడదు. వాదంలో ఓడి, అబద్ధంతో గెలిచిన ఆ జుట్టు కుర్రాణ్ణి గట్టిగా నిలదీయాలనే కలం పట్టుకుంటాను. వాడి ముఖం గుర్తొచ్చి, నవ్వుకుని, వదిలేస్తాను.