రేకుపెట్టెలో దాచిన హల్లెలూయా

మా సుజాత మాట్లాడిందండీ! ఈ ఉదయం గుడిలో, నా పక్కనే నిలబడి, నోరారా మాట్లాడింది!

ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు డబ్బింగ్ చెప్పుకుని బతికే పిల్ల. గొంతులో గడ్డ తీసిన డాక్టరు ఆరు వారాలు మాట్లాడవద్దన్నారు. ఆ తర్వాత మునుపటి గొంతు వస్తుందో రాదో చెప్పలేమన్నారు. పోయిన ఆదివారం ఈస్టర్ పండుగ కూడా పలక మీద రాసుకుంటూనే గడిపింది. నిన్నటితో గడువు తీరినా, భయంతో నోరు తెరవలేదు.

ఈ రోజు పాస్టరు అయ్యగారు "క్రీస్తు లేచెను" అనగానే నా పక్కనుంచి జీరగా ఒక గొంతు, "నిజముగా లేచెను, హల్లెలూయా!" అంది. నేను బావురుమన్నాను.

"నాన్నా, జర ఊకో, అందరూ చూస్తున్నరు" అని మందలించింది కూడా!

నా ఈడు వాళ్ళకు గుర్తుందా, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమల దినాల్లో మనం హల్లెలూయా అనకూడదు కదా? యూసుఫ్‌గూడలో మా ఒంటిగది ఇంట్లో, కలరా ఉండల వాసన వేసే రేకుపెట్టెలో అమ్మ పండుగ తెల్లచీర దాచేది. ఆ మాటను కూడా అందులోనే దాచిందనుకునేవాణ్ణి. ఒకసారి ఆగలేక గట్టిగా అరిచేశాను. అమ్మ తొడపాశం పెట్టి, "ఎక్కడికీ పోదులేరా, ఈస్టర్‌కి మళ్ళీ వస్తుంది" అంది.

వచ్చిందమ్మా! ఒక్క వారం ఆలస్యంగా వచ్చింది, అంతే.

తెనాలి పెద్దక్కకు చెప్పండి. షేక్‌పేట బావగారికి చెప్పండి. గుంటూరు తమ్ముడికీ మరదలికీ చెప్పండి. రోజూ దాని కోసం ప్రార్థన చేసిన మా చిన్నమ్మకు మాత్రం ఎవరూ చెప్పవద్దు. సుజాతే ఫోన్ చేసి చెబుతుంది.