బాపు వంతు జపం

మా బాపు ఇంజినీరు. దేవుడి సన్నిధిలో కూడా హెచ్చుతగ్గులు పట్టే రసమట్టం మరిచిపోని మనిషి. బీదర్‌లో మా గుడికి కొత్త సిలువ తగిలించిన ఆదివారం, పూజ అవగానే నిచ్చెనెక్కి దాని వంకర సరిచేసి దిగాడు. ఫాదర్‌గారు నవ్వి ఊరుకున్నారు. బాపు భక్తిని శంకించే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు.

రోజూ సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో జపమాల. అందులో భాగాలు ఐదు, ఇంట్లో మనుషులమూ ఐదుగురం. నానమ్మ, అమ్మ, అన్న, నేను, చివరికి బాపు. ఒకరి వంతు ఇంకొకరు చెప్పకూడదు, జ్వరమొచ్చినా సరే. ఇది నానమ్మ చట్టం. చిట్గుప్ప నుంచి కోడలిగా వస్తూ వెంట తెచ్చుకుందట.

అప్పుడే హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా అద్దాల మేడలు లేస్తున్నాయి. బాపుకీ అక్కడి పనికి పిలుపొచ్చింది. అన్న కాలేజీ చదువు ఆ జీతం మీదే ఆధారపడి ఉంది. అయినా నానమ్మ మంకుపట్టు పట్టింది.

"నువ్వు ఆడుంటే నీ వంతు ఎవరు చెప్తరు? వారానికొకసారి వచ్చిపోయే చుట్టమైతవురా," అంది.

"ఫోన్ల చెప్తనే అవ్వా. ఒక్కనాడు తప్పినా నౌకరి ఇడిసిపెట్టి వస్త," అన్నాడు బాపు. అన్నాడంటే చేసే మనిషే. అందుకే అమ్మకు గుబులు.

అలా బాపు హైదరాబాద్ వెళ్లాడు. రోజూ మా నాలుగు వంతులూ అయ్యే వేళకి ఫోన్ మోగేది. స్పీకర్ నొక్కేవాళ్లం. "మరియమ్మా, వందనం," అని బాపు మెత్తగా మొదలుపెట్టి, సగంలో "ఏయ్, సిమెంటు మాల్ల నీళ్లెక్కువ పొయ్యకుర్రి," అని కూలీలను గద్దించి, మళ్లీ అంతే మెత్తగా అందుకునేవాడు. అన్నా నేనూ నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లం. నానమ్మ కళ్లు తెరవకుండానే నా తొడ గిల్లేది.

ఒక సాయంత్రం ఫోన్లో బాపు గొంతు కాదు, ఆయన దగ్గర పనిచేసే మేస్త్రిది.

"స్లాబు పోస్తున్నం అమ్మా, నడుమ ఆపితే అతుకు పడ్తది. సార్ మీదనే ఉన్నడు. సార్ సెల్లు మాల్ల పడ్డది. ఆ జపం నేను చెప్పాల్నా?"

అమ్మ ముఖం పాలిపోయింది. మేస్త్రి మా మతం వాడు కాదు, మా ఇంటివాడూ కాదు. నానమ్మ వేళ్ల మధ్య పూస కదలలేదు.

"నీకెట్ల వస్తది బిడ్డా?" అంది చివరికి.

"రోజు పక్కన నిలబడి వింటనే ఉన్న గద అమ్మా."

"సరే, చెప్పు."

ఒక్క మాట తప్పకుండా చెప్పాడు. సరిగ్గా సగంలో "నీళ్లెక్కువ పొయ్యకుర్రి," అని కూడా అన్నాడు. కూలీలతో అన్నాడో, జపంలో భాగమనే అనుకున్నాడో ఇప్పటికీ తెలియదు. ముందుగా నవ్వింది నానమ్మే.

మర్నాడు పొద్దున్నే బాపు ఫోన్ చేశాడు. "తప్పిన అవ్వా. నౌకరి ఇడిసి వస్తున్న."

"నీ వంతు ఆగలే. పని చూస్కో పో," అంది నానమ్మ. తన చట్టాన్ని తనే సడలించడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చాలా ఏళ్లకు బాపు పోయాడు. నానమ్మ అంతకుముందే వెళ్లిపోయింది, ఆమె వంతు వదినకు వచ్చింది. బాపును సమాధి చేసి వచ్చిన సాయంత్రం జపమాలకు కూర్చున్నాం. నాలుగు వంతులు అయ్యాయి. ఐదోది బాపుది. ఎవరికి వారే పక్కవాళ్ల వైపు చూశాం. నాకైతే ఇల్లే ఆగిపోయినట్టు అనిపించింది.

కడసారి చూపుకని హైదరాబాద్ నుంచి వచ్చిన మేస్త్రి గడప పక్కన కూర్చుని ఉన్నాడు. "మరియమ్మా, వందనం," అని ఆయన అందుకున్నాడు. మేమూ అందుకున్నాం. సగానికి రాగానే ఆగి, తువ్వాలతో ముఖం తుడుచుకుని, "నీళ్లెక్కువ పొయ్యకుర్రి," అన్నాడు.

చావింట్లో అందరం పకపకా నవ్వాం. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, "ఇంకా సగం ఉంది తమ్మీ, కానియ్," అంది.