కాటుక పెట్టిన వేలు

తణుకు నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో చూపుడువేలిని కొంగులో దాచుకుని కూర్చున్నాను. దాని మీద ఎర్రగా లేచిన పొక్కు మధ్యలో గుంట పడింది. టీవీలో చూపిస్తున్న మంకీపాక్స్ ఇదేనేమోనన్న భయంతో ఇంట్లో కూడా చెప్పలేదు. ఒళ్లో నిద్రపోతున్న బాబు ఉలిక్కిపడి, ఆ వేలినే గుప్పిట పట్టి నోటి దగ్గరికి లాక్కున్నాడు.

పక్క సీట్లో పెద్దావిడ గబుక్కున వాడి గుప్పిట విడదీసి తన వేలు అందించింది. ఆ వేలి మీద పాత మచ్చ ఉంది.

"పాడి ఉందా అమ్మా మీకు? గేదె పొదుగు మీద కూడా పొక్కులున్నాయా?"

తలూపాను.

"పాలు పితికే చేతికి అంటుకుంటుందమ్మా. నాకూ వచ్చి తగ్గింది. గుడ్డ కట్టి ఉంచు. డాక్టరు గారికి గేదె సంగతి కూడా చెప్పు. బాబు కళ్లకి మాత్రం తగలనివ్వకు."

ఆ పొద్దున వాడికి కాటుక పెట్టింది ఆ వేలితోనే. నేను చూస్తుండగానే వాడు నిద్రలో కళ్లు నలుపుకున్నాడు.

ఆవిడ రావులపాలెంలో దిగిపోయింది.

వేలు మానింది. వాడి కళ్లకూ ఏమీ కాలేదు, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. అయినా వాడు కళ్లు నలుపుకుంటే చాలు, నా వేలు దానంతటదే కొంగులోకి పోతుంది.